బస్సు లేని ఊరు

హిమజకి వచ్చిన చిక్కు ఒక్కటే. తనకి గురువుతో పని తీరిపోయింది. ఆ మాట గురువుకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

చెప్పకుండా మానేసినవాళ్లు మా బ్యాచ్‌లో లేకపోలేదు. ఒకరోజు జ్వరమంటారు, ఇంకోరోజు మేనత్త కూతురి పెళ్లంటారు, ఆ తర్వాత బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతారు. హిమజ అలాంటిది కాదు. ఏ మాటైనా ఎదురుగా నిలబడి అనే మనిషి. పైగా మాస్టారంటే ఆమెకి ప్రాణం. అందుకే ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది.

మాస్టారంటే పోలినాయుడు మాస్టారు. పార్వతీపురంలో ఓ ఎరువుల కొట్టు పైన ఆయన కంప్యూటర్ సెంటర్ ఉండేది. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన, పైకెళ్లాక సుద్దపొడి వాసన. ఇప్పుడు ఆ గదికి తాళం, మేడ మీద సెల్ టవర్. పార్వతీపురం వెళ్లినప్పుడు ఆ దారిన పోతూ తలెత్తి చూస్తాను. ఫోన్లో సిగ్నల్ నిండుగా వస్తుంది. మాట్లాడాలనుకున్న మనుషులే అక్కడ లేరు.

కంప్యూటర్ సెంటర్లో సుద్దపొడి ఏంటని మీరు అడగొచ్చు. అదే మాస్టారి పద్ధతి.

ఆయన సెంటర్ పెట్టిన కొత్తలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. నేర్చుకునేవాళ్లు గదినిండా. దానికితోడు కరెంటు ఎప్పుడు పోతుందో, పోయింది ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. ఫ్యాను వైపు చూస్తూ కూర్చునే రకం కాదు మాస్టారు. "అది పడుకుంది కదా, మనమే అది అయిపోదాం రండి" అని పిల్లల్నే ప్రోగ్రాంలా నడిపించడం మొదలుపెట్టారట.

తర్వాత కంప్యూటర్లు పెరిగాయి, ఇన్వర్టర్ వచ్చింది. పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఏ ప్రోగ్రామైనా ముందు మనుషుల మీద నడవాలి. ఆ తర్వాతే యంత్రం మీదికి వెళ్లాలి.

ప్రోగ్రాంలో ఒక్కో విలువకి ఒక్కో మనిషి పలక పట్టుకుని నిలబడతారు. విలువ మారితే పలక తుడిచి మళ్లీ రాసుకోవాలి. ఒకరు 'వేలు'. ప్రోగ్రాంలో లైను మీద లైను పైకి చదవడం వేలు పని. ఒకరు 'గడప'. షరతు వచ్చినచోట చేతులు అడ్డం పెట్టి నిలబడి, షరతుకి సరిపడినవాళ్లనే అవతలికి పోనిస్తారు. చేసిన పనే మళ్లీ మళ్లీ చెయ్యాల్సి వస్తే అది 'గానుగ'. అందరం ఓ స్టూలు చుట్టూ తిరగాలి, ఆగమనే లైను వచ్చేదాకా.

ఓసారి పైడిరాజు రాసిన ప్రోగ్రాంలో ఆగమనే లైనే లేదు. మాస్టారు మమ్మల్ని ఆపలేదు. పేపరు తీసి చదువుకుంటున్నారు. మేము తిరుగుతూనే ఉన్నాం. కింద ఎరువుల కొట్టాయన నెత్తిమీద దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చి, "ఏంటి మాస్టారూ, భజన పెట్టారా?" అన్నాడు.

"భజన కాదండీ, మా పైడిరాజు తెలివితేటలు" అన్నారు మాస్టారు, పేపర్లోంచి తలెత్తకుండా.

పైడిరాజు మళ్లీ జన్మలో ఆ లైను మర్చిపోలేదు.

వేలుకి మాత్రం ఓ కట్టుబాటు ఉండేది. వేలు ఆలోచించకూడదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి. తప్పని తెలిసినా సర్దకూడదు, నవ్వొచ్చినా ఆగకూడదు. అది అందరికీ కష్టమే, హిమజకి మరీ కష్టం. మధ్యలో ఆగి, "ఇక్కడ వీడు అనుకున్నది ఏంటంటే మాస్టారూ..." అని మొదలుపెట్టేది.

"వాడు అనుకున్నది వాడి బుర్రలో ఉందమ్మా. కాగితం మీదున్నది చదువు" అనేవారాయన.

గడప ఎప్పుడూ ఝాన్సీయే. ఆరిక ఝాన్సీ మా అందరిలోకీ పొట్టి. చేతులు అడ్డం పెట్టి నిలబడిందంటే మాత్రం పైడిరాజంత వాడు కూడా దాటలేకపోయేవాడు. "ఏటి, పలక సూపించు. నిండిందా? నిండనేదా? ఎల్లెల్లు, ఎనక్కెల్లు!" అని బస్సు కండక్టర్‌లా కేకలేసేది. ఆమెది కొండమీద ఊరు, ఎగువ తాడిగూడ. పార్వతీపురంలో పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు సెంటర్‌కి వచ్చేది.

ఇదంతా బాగానే సాగుతున్న రోజుల్లో ఏఐ వచ్చిపడింది.

మేము సాయంత్రమంతా పలకలు పట్టుకుని తిరిగి, జుట్టు పీక్కుని, ఇంటికెళ్లి కలలో కూడా తిరిగి రాసే ప్రోగ్రాంని అది హిమజ టీ చల్లారేలోపు రాసి పెట్టేది. మామూలు తెలుగులో అడిగినా చాలు. ముందు అందరం నోళ్లు తెరిచి చూశాం. తర్వాత ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మరి మనమెందుకిక్కడ?

మాస్టారు దాన్ని తిట్టిన మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఆయన్ని మీరు ఇంకోలా అనుకుంటారు. మా ఫోన్లు తీసుకుని కళ్లజోడు పైకెత్తి ఆసక్తిగా చదివేవారు. "నాకంటే ఓపిగ్గా చెబుతోందర్రా. నేనైతే ఈపాటికి డస్టర్ విసిరేసేవాణ్ని" అని నవ్వేవారు. మర్నాడు మళ్లీ పలకలు తీయమనేవారు.

ఒకరోజు హిమజ పలక తీసుకోలేదు.

"మాస్టారూ, ఒక మాట. నాట్లేసే యంత్రం పొలంలోకి దిగాక కూడా మనుషుల్ని వంగి నాటమంటే అది న్యాయమేనా?"



ఆ ప్రశ్నలో పొగరుందని తర్వాత కొందరన్నారు. నాకలా అనిపించలేదు. హిమజ వాళ్లమ్మ నాట్లకి వెళ్లే మనిషి. రాత్రి నడుం పట్టేస్తే కూతురి చేత కాపడం పెట్టించుకునే మనిషి. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల, వంగే పని తగ్గిందంటే సంతోషించకుండా ఎలా ఉంటుంది? కష్టపడి నేర్చుకోవడంలోనే గొప్పదనం ఉందని చెప్పేవాళ్లలో సగంమందికి కష్టం ఎక్కడ నొప్పి పుట్టిస్తుందో తెలియదు. హిమజకి తెలుసు. అడిగింది.

మాస్టారు చేతిలో సుద్ద బల్ల మీద పెట్టారు.

"న్యాయం కాదమ్మా" అన్నారు. "నువ్వడిగినదాంట్లో తప్పు లేదు. నాకే జవాబు తెలియదు."

హిమజ వాదనకి సిద్ధమై వచ్చింది. ఎదుటివాళ్లు ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తెలియక పలక తీసుకుని నిలబడింది. ఆ రోజు ఎవరం సరిగ్గా నడవలేదు.

తర్వాత హాస్టల్ పని వచ్చింది.

పార్వతీపురంలో కొందరు ఆడవాళ్లు కలిసి, కాలేజీ అమ్మాయిల కోసం ఒక హాస్టల్ నడిపేవారు. విజయభారతి మేడం వార్డెన్. సీట్లు కొంచెం, అడిగేవాళ్లు బోలెడు. కాలేజీలు తెరిచే ముందు ఆవిడ ఫోన్ మోగుతూనే ఉండేది. ఫలానావారి తాలూకు, ఫలానావారు చెప్పమన్నారు. ఎవరికి ఇచ్చినా ఇంకొకరికి కోపం.

హిమజ ఆవిడ దగ్గరికి వెళ్లి, "మేడం, ఈసారి మనిషి చెయ్యి పడకుండా సీట్లిద్దాం" అంది.

"ఆ ఒక్కటీ చేసిపెట్టు తల్లీ, నీ కాళ్లకి దణ్ణం పెడతాను. ఈ ఫోన్ల దెబ్బకి నాకు బీపీ మాత్రలు పడ్డాయి" అందావిడ.

హాస్టల్ నియమాలు మంచివే. ఊరు ఎంత దూరమైతే అంత ముందు. దూరానిదే పెద్ద వాటా. దానికి మార్కులు, ఇంటి పరిస్థితి కలుపుతారు. దూరం కోసం ప్రతి అమ్మాయీ ఫారంలో తన ఊరి బస్టాపు పేరు ఇవ్వాలి. అక్కణ్నుంచి పార్వతీపురం ఎంత దూరమో ప్రోగ్రామే చూసుకుంటుంది. హిమజ ఇదంతా ఏఐకి వివరంగా చెప్పింది. అది రాసిచ్చింది. ఎక్కడా తడబడకుండా నడిచింది. పచ్చరంగులో సీటొచ్చినవాళ్లు, కింద ఒక గీత, గీత కింద బూడిదరంగులో రానివాళ్లు.

ఊరి నడిబొడ్డున మేడ ఉన్న ఒక కాంట్రాక్టర్ గారి మేనకోడలు గీత కిందికి జారిపోయింది. విజయభారతి మేడం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఇంక నాకు ఎవరు ఫోన్ చేసినా కంప్యూటర్‌ని అడుక్కోమంటాను!" అంది. హిమజ మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు? ఏళ్లుగా ఎవరూ చేయలేని పని అది.

ఝాన్సీ పేరు కూడా గీత కిందే ఉంది.

వాళ్ల పిన్నివాళ్లు విజయనగరం మారిపోతున్నారు. హాస్టల్లో సీటు రాకపోతే ఝాన్సీ కొండెక్కి ఇంటికి వెళ్లిపోవడమే. చదువు అక్కడితో సరి. ఇది మా అందరికీ తెలుసు. హిమజకి మరీ తెలుసు. అందుకే వేరేవాళ్ల నోటివెంట వినకూడదని తనే చెప్పింది.

"నా చేతిలో ఉంటే నీకు ఇవ్వనా ఝాన్సీ? కానీ ఎవరి చెయ్యీ పడకూడదనే కదా ఇదంతా పెట్టుకున్నాం."

"నా మార్కులు సాల్లేదు గావాల" అంది ఝాన్సీ. "నువ్వేటి సేస్తావు. కంప్యూటర్ కదా."

ఏడవలేదు. పలక కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి వెళ్లింది. అప్పటికే శుభ్రంగా ఉన్న పలకని చాలాసేపు కడిగింది.

మర్నాడు పొద్దున్న హాస్టల్ తలుపు మీద పేర్లు అంటించాలి. ఆ ముందు సాయంత్రం హిమజ మాస్టారి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ప్రోగ్రాం చూపించింది. ఆయన తెర మీద పట్టికలో ప్రతి గడీ తాకి, ప్రతి రంగూ చూసి, "ఎంత బాగుందమ్మా!" అన్నారు. ఉత్తుత్తి మెప్పు కాదు, ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది. అది చూసి హిమజకి చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

"మాస్టారూ, రేపట్నుంచి నేను రాను."

మేమందరం కంప్యూటర్లలోకి తలలు దూర్చేశాం.

"మీ మీద కోపం కాదు మాస్టారూ. పలకలు పట్టుకుని నడిచి నేర్చుకునేది ఇంక నాకు ఎందుకో తెలియడం లేదు. తెలియకుండా రావడం మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"రావద్దులేమ్మా" అన్నారు. "పొద్దుంది కదా, వెళ్లేముందు దీన్నొకసారి మనుషుల మీద నడిపించు. నీ పెద్ద ప్రోగ్రాం ఎలా నడుస్తుందో చూడాలని నా ముచ్చట."

అందరం డాబా మీదికి ఎక్కాం. వేసవి చివరి రోజులు. సిమెంటు ఇంకా కాళ్లకి చురుక్కుమంటోంది. ఆ డాబా మీంచి ఊరంతా కనిపించేది. ఊరి వెనకాల కొండలు, ఒకదాని భుజం మీంచి ఇంకొకటి తొంగి చూస్తున్నట్టు. అక్కడ నిలబడి ఎన్ని సాయంత్రాలు గడిపామో! పరీక్షలు పోయి ఏడ్చింది అక్కడే, ఒకే మిరపకాయ బజ్జీని ముగ్గురం పంచుకుని కొట్టుకున్నదీ అక్కడే.

మాస్టారు ఒక కుర్చీ తెచ్చి మెట్ల దగ్గర వేశారు.

"ఇది హాస్టల్. ఎవరి ఊరి నుంచి వాళ్లు రండి. ఊరు ఎంత దూరమని ప్రోగ్రాం చెబితే కుర్చీకి అంత దూరంలో నిలబడండి."

"ఆడపిల్లల హాస్టల్లో నేనెలాగ మాస్టారూ?" అన్నాడు పైడిరాజు.

"ఈ ఒక్క సాయంత్రానికీ వచ్చెయ్. వార్డెన్ గారికి నేను చెప్పన్లే."

అందరం నవ్వాం. ఝాన్సీ నవ్వలేదు. గోడవారగా నిలబడి, "నేను గడపనే కదా మాస్టారూ" అంది.

"గడప పని చివర్న వస్తుందమ్మా. ముందు నువ్వు కూడా మీ ఊరి నుంచి రావాలి కదా."

ఝాన్సీ ఒక్క క్షణం హిమజ వైపు చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే డాబా ఆ చివరికంటా నడిచి, నీళ్లట్యాంకు కూడా దాటి, పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. తన ఊరెక్కడుందో ఆమెకి తెలుసు.

హిమజ వేలు. కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. "బస్టాపు పేరు తీసుకో. దూరం చూడు. రాసుకో."

పైడిరాజుది పాలకొండ. చాలా వెనక్కి వెళ్లాడు. నాది బొబ్బిలి, నేను డాబా మధ్యలో ఆగాను. ఊళ్లోనే ఇల్లున్న అమ్మాయి కుర్చీకి దగ్గరగా వచ్చింది. అంతా సవ్యంగా సాగుతోంది. హిమజ గొంతు హాయిగా ఉంది. ఆఖరి పాఠం కదా, కాస్త పాడుతున్నట్టు కూడా చదువుతోంది.

"తర్వాతి మనిషి. బస్టాపు పేరు తీసుకో."

"ఏ బస్టాపు?" అంది ట్యాంకు అవతల్నుంచి ఝాన్సీ.

"మీ ఊరిది."

"మా ఊరికి బస్సు రాదు హిమా. ఫారంలో అక్కడ కాలీగా ఒగ్గీసినాను."

హిమజ కాగితం వైపు చూసింది. మళ్లీ మొదటినుంచి ఆ లైను చూసుకుంది.

"చదువమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా. "వేలు ఆగకూడదు."

"బస్టాపు లేకపోతే..." అంది హిమజ. "లేకపోతే దూరం సున్నా. తర్వాతి లైనుకి వెళ్లు."

"సున్నా అంటే నేనెక్కడ నిలబడాల?"

హిమజ మాస్టారి వైపు చూసింది. ఆయన కుర్చీ వైపు చూస్తున్నారు.

"ఇక్కడ" అంది హిమజ. "కుర్చీ దగ్గర."

ఝాన్సీ కదిలింది. ట్యాంకు దాటింది. పైడిరాజుని దాటింది, నన్ను దాటింది. దాటుతుంటే ఆమె చున్నీ అంచు నా చేతికి తగిలింది. ఊళ్లో ఇల్లున్న అమ్మాయిని కూడా దాటేసి, మోకాళ్లు కుర్చీకి తగిలేదాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి మా అందరినీ చూసింది. ఎంత వెనకున్నామో చూసింది.

"ఓలమ్మ!" అంది. "మా ఊరు ఇంత దగ్గరని తెలిస్తే మాయమ్మ రోజూ అన్నం కేరేజీ పంపును గదా!"

ఒక్కసారిగా పకాలుమని నవ్వాం. పైడిరాజు కడుపు పట్టుకున్నాడు. తర్వాత ఆ నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. ఎవరికి ముందు అర్థమైతే వాళ్ల దగ్గర ముందు. ఝాన్సీ కూడా నవ్వడం మానేసి హిమజ మొహంలోకి చూస్తోంది.

"నా మార్కులు కాదా మరి?" అంది చిన్నగా.

హిమజ కాగితాన్ని నలిపేస్తుందేమో అనుకున్నాను. నలపలేదు. సాఫుగా మడిచింది.

"ఏఐ తప్పు రాసింది మాస్టారూ."

మాస్టారు ఆమె ఫోన్ అడిగి తీసుకున్నారు. అది రాసిచ్చిన ప్రోగ్రాం కిందకంటా జరిపారు. అక్కడ రెండు ముక్కలున్నాయి. ఆయనే పైకి చదివారు. "బస్టాపు ఇవ్వనివారికి ప్రస్తుతానికి దూరం సున్నాగా తీసుకున్నాను. ఇది సరైనదో కాదో ఒకసారి చూసుకోండి."

"మర్యాదగానే చెప్పింది పాపం" అన్నారు, ఫోన్ తిరిగి ఇస్తూ.

హిమజ ఫోన్ తీసుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లి విజయభారతి మేడంకి చేసింది. మాకు ఒక వైపు మాటలే వినిపించాయి. "మేడం, రేపు అంటించొద్దు... కాదు మేడం, ఎవరూ సిఫారసు చేయలేదు... తప్పుంది. నేను చూసుకోలేదు... అవును మేడం, అందరికీ చెప్పాననీ తెలుసు, మీరు కూడా చెప్పేశారనీ తెలుసు... బస్సు లేని ఊళ్లవాళ్లందరూ కిందకి పోయారు మేడం." అవతల్నుంచి చాలాసేపు ఏదో వినిపించింది. హిమజ చెవి దగ్గర్నుంచి ఫోన్ తీయకుండా నిలబడి వింది. ఆ పిల్ల అంతసేపు ఎదురు చెప్పకుండా వినడం మేము అంతకుముందు చూడలేదు.

ఝాన్సీకి సీటొచ్చింది. ఆమెతోపాటు ఇంకొందరు కొండపిల్లలకి కూడా వచ్చింది. కాంట్రాక్టర్ గారి మేనకోడలికి రాలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ డాబా తలపుకొచ్చినప్పుడల్లా నాకు కళ్ల ముందు మెదిలేది సీటు కాదు. ఫోన్ పెట్టేశాక జరిగిన నాలుగు మాటలు. అవి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

హిమజ ఫోన్ పెట్టేసి వచ్చింది. మాస్టారు ఏదో ఒకటి అంటారని ఎదురుచూసింది. ఆయన పలకలన్నీ ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. తిడితే బాగుండుననిపించి ఉంటుంది ఆమెకి. మాకే అనిపించింది.

తనే మెట్ల మీద కూర్చుని ఏఐని తెరిచింది. సున్నా తీసేయమని రాసింది. అది వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకుని ఒక ప్రశ్న వేసింది. హిమజ అది మాస్టారికి చదివి వినిపించింది.

"బస్సు సౌకర్యం లేని ఊళ్లకి దూరాన్ని ఎలా లెక్కించమంటారు?"

"ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"నాకేం తెలుసమ్మా" అన్నారాయన. "మాది రాజాం. బస్సుంది."

హిమజ ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంకేమైనా అంటారేమోనని. ఆయన పలకలు చంకలో పెట్టుకుని, గోడ మీద సుద్దముక్కలు ఏరుకుంటున్నారు.

అప్పుడు తల తిప్పింది. ఝాన్సీ ఇంకా ఆ కుర్చీ పక్కనే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, తనకై తాను కూర్చోలేదు.

"ఝాన్సీ, మీ ఊరు ఎంత దూరం?"

బ్యాచ్‌లో చేరినప్పట్నుంచీ పక్కపక్కనే ఉన్నాం. ఆ మాట ఆమెని ఎవరం ఎప్పుడూ అడగలేదు.

ఝాన్సీ కొండల వైపు తిరిగింది. ఎండ దిగిపోతూ దగ్గరి కొండ నల్లబడింది, వెనక కొండ ఇంకా వెలుగుతోంది. ఆ రెంటి మధ్య ఎక్కడో చూపు ఆనించి, ఏదో కొలుచుకుంటున్నట్టు కాసేపు నిలబడింది.

"వానాకాలంలోనా, ఎండాకాలంలోనా?" అంది.

టైపు చేయడానికి ఎత్తిన హిమజ వేళ్లు అలాగే ఉండిపోయాయి.

మెట్ల మీంచి లేచింది. ఝాన్సీ భుజాలు పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా, కాలుతున్న సిమెంటు మీద, తను మఠం వేసుకుని కూర్చుంది.

"రెండూ చెప్పు" అంది. "ముందు వానాకాలంది చెప్పు."